కొత్త బోర్డు ఆటను స్నేహితులతో తొలిసారి ఆడి, దాన్ని న్యాయంగా అంచనా వేయడం ఎలా?

బెంగళూరు మారతహళ్ళిలో మేము అద్దెకుంటున్న ఇంట్లో, రైతులమై పొలం సాగు చేసే అగ్రికోలా అనే ఆట పెట్టె ఎనిమిది నెలలపాటు బీరువా పైన, సూట్‌కేసుల వెనక ఉండిపోయింది. అంతకుముందు ఒక శుక్రవారం రాత్రి, ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో గంటన్నర గడిపి ఇల్లు చేరిన నలుగురం ఆంధ్రా భోజనం పార్సిల్ తెప్పించుకుని, కడుపునిండా తిని, తొమ్మిదిన్నరకు ఆ పెట్టె తెరిచాం. నియమాల పుస్తకాన్ని అప్పటికి ఎవరమూ చదవలేదు. నేను పైకి చదవడానికి, మిగతా ముగ్గురూ వినడానికి గంటకు పైగా పట్టింది. నాలుగో రౌండు చివర మొదటి పంట కోత వచ్చి, ఆటలోని మన కుటుంబంలో ఒక్కొక్క మనిషికి రెండేసి తిండి బిళ్ళలు పెట్టాలని తెలిసేసరికి ఎవరి దగ్గరా సరిపడా లేవు. తొమ్మిదో రౌండుకు మా కర్నూలు మిత్రుడు సోఫాలో నిద్రపోయాడు. రాత్రి ఒంటిగంటన్నరకు ఆట మధ్యలోనే ఆపేసి, ఇది మనకు పడే ఆట కాదని అందరం ఒకే మాట అన్నాం. ఎనిమిది నెలల తరువాత, ఆ నలుగురిలో ముగ్గురం, ఒక ఆదివారం ఉదయం పది గంటలకు అదే ఆటను మళ్ళీ ఆడాం. ఒంటిగంటలోపు ముగిసింది. వచ్చే ఆదివారం కూడా ఇదే ఆడదామని అడిగినవాడు ఆ రోజు సోఫాలో నిద్రపోయినవాడే.

ఆ రెండు రోజుల మధ్య పెట్టెలోని అట్టలు, కొయ్య పావులు ఏమీ మారలేదు. మేము మొదటిసారి ఇచ్చిన తీర్పులో ఆటకు చెందిన భాగం చాలా తక్కువ. కూర్చున్న వేళ, నేర్పిన తీరు, మనుషుల సంఖ్య, అలసట కలిసి ఆ తీర్పును రాశాయి, పేరు మాత్రం ఆటకు పడింది. అప్పటినుంచి కొత్త ఆటను ఇంటికి తెచ్చిన ప్రతిసారీ నేను పాటిస్తున్న పద్ధతిని ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను. దీన్ని పాటిస్తే ప్రతి ఆటా మీకు నచ్చుతుందని కాదు. నచ్చకపోతే అది నిజంగా ఆట వల్లనే నచ్చలేదని మీకు నమ్మకంగా తెలుస్తుంది.

ఈ జాగ్రత్త విదేశీ ఆటలకే పరిమితమని అనుకోవద్దు. మన పులి-మేక ఆటనే చూడండి. 3 పులులు, 15 మేకలు. పులి ఎదుట ఉన్న మేక వెనక గడి ఖాళీగా ఉంటే దాని మీదుగా దూకి చంపుతుంది. మేకకు ఆ శక్తి లేదు. తొలిసారి మేకల పక్షాన కూర్చున్న పిల్లవాడు ఐదారు మేకలు పోగానే, ఈ ఆటలో మేకలు గెలవనే గెలవవని తేల్చేస్తాడు. నేనూ అలాగే తేల్చాను. మా అమ్మమ్మ నాలుగు సార్లు ఓడాక మాట్లాడమంది. నాలుగో ఆటకు మేకలను ఒకదాని వెనక ఒకటి ఆనించి నిలిపితే పులికి దూకడానికి గడి దొరకదని, చివరికి మూడు పులులూ కదలలేక చిక్కుకుంటాయని తెలిసింది. బెంగళూరులో నా పక్క సీటులో పనిచేసే కన్నడ మిత్రుడు ఇదే ఆటను ఆడు హులి ఆట పేరుతో తన తాతగారి దగ్గర నేర్చుకున్నాడు, అతనికి కూడా మేకల గురించి మొదట కలిగిన అభిప్రాయం నాకు కలిగినదే.

ఎందరు వస్తారో తెలిశాకే ఆటను ఎంచుకోండి

ముందు ఆటను నిర్ణయించి, తరువాత మనుషులను పిలవడం సహజంగా జరిగే పొరపాటు. వరుసను తిరగేయండి. కటాన్ ముగ్గురు లేక నలుగురు ఆడే ఆట. ఐదో మనిషి వస్తే అదనపు పెట్టె విడిగా కొనాలి. టికెట్ టు రైడ్‌ను ఇద్దరి నుంచి ఐదుగురి వరకు, అజుల్, స్ప్లెండర్‌లను ఇద్దరి నుంచి నలుగురి వరకు ఆడవచ్చు. ఆరేడుగురు వచ్చే అవకాశం ఉంటే, ముగ్గురి నుంచి ఏడుగురి వరకు ఆడగల సెవెన్ వండర్స్ మంచి ఎంపిక, ఎందుకంటే అందులో అందరూ ఒకేసారి కార్డు ఎంచుకుంటారు కాబట్టి మనుషులు పెరిగినా ఎదురుచూపు పెరగదు. మిగతా ఆటలలో చాలావాటికి ఈ సౌకర్యం లేదు. పెట్టె మీద గరిష్ఠంగా ఐదుగురని రాసి ఉన్నా, తొలి ఆటను ఒక మనిషి తక్కువగానే ఆడండి. ఒకరి వంతుకు మరొకరి వంతుకు మధ్య ఎదురుచూపు తగ్గడం కంటే కొత్త ఆటకు మీరు చేయగల మేలు మరొకటి లేదు.

పెట్టె మీద రాసే సమయం ఆట తెలిసినవారికి వర్తించేది. నేర్పే సమయం అందులో ఉండదు. అక్కడ 60 నిమిషాలని ఉంటే తొలిసారికి రెండు గంటలు కేటాయించండి. బెంగళూరులో ఇంకొక లెక్క కూడా వేయాలి. ఎలక్ట్రానిక్ సిటీ నుంచి ఒకరు, కె.ఆర్.పురం నుంచి ఒకరు, హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్ నుంచి ఒకరు వచ్చే బృందం చెప్పిన గంటకు ఒకచోట చేరడం అరుదు. పది గంటలకు ఆట అని చెప్పకుండా, తొమ్మిదికి టిఫిను, పదికి ఆట అని చెప్పండి. ఆలస్యమైనవారు ఇడ్లీ పోగొట్టుకుంటారు, నియమాలు మాత్రం వింటారు. వారాంతంలో ఊరికి బస్సెక్కే స్నేహితులుంటే శుక్రవారం, ఆదివారం సాయంత్రాలు వదిలేయండి. రాత్రి బస్సుకు గడియారం చూసుకుంటున్న మనిషి ఏ ఆటనూ నిండుగా ఆడలేడు.

ఇక ఏ స్థాయి ఆట? బోర్డ్‌గేమ్‌గీక్ అనే సైటు 2000 నుంచి నడుస్తోంది. అందులో ప్రతి ఆటకూ ఆడినవారు వేసిన మార్కులతో పాటు, ఆట ఎంత బరువైనదో, అంటే నేర్చుకోవడానికి ఎంత చిక్కైనదో, 1 నుంచి 5 వరకు సూచించే సంఖ్య, ఎందరితో ఆడితే బాగుంటుందన్న ఓటింగు కూడా ఉంటాయి. మార్కులను పక్కన పెట్టి, నేను ఈ రెండింటినే చూస్తాను. మీ స్నేహితులకు ఇంతవరకు తెలిసినవి లూడో, క్యారమ్స్, చిన్నప్పటి బిజినెస్ ఆట మాత్రమే అయితే బరువు 2కు అటూ ఇటూ ఉన్న ఆటతో మొదలుపెట్టండి.

ఇక్కడ నా పక్షపాతాన్ని దాచను. చాలామంది ఇళ్ళలో తొలి వ్యూహాత్మక ఆట కటాన్ అవుతుంది. క్లాస్ టాయ్‌బర్ రూపొందించిన ఆ ఆట 1995లో జర్మనీలో వెలువడి, అదే సంవత్సరం ఆ దేశపు ప్రతిష్ఠాత్మకమైన 'ఆ ఏటి ఆట' పురస్కారాన్ని పొందింది. ఈ తరహా ఆటలను ప్రపంచమంతటికీ పరిచయం చేసిన ఘనత దానికుంది. అయినా తొలి ఆటగా నేను 2004లో అదే పురస్కారం పొందిన, అలన్ ఆర్. మూన్ రూపొందించిన టికెట్ టు రైడ్‌నే సూచిస్తాను. కటాన్‌లో సరుకులు మార్చుకుని ఊళ్ళు కట్టడానికి బేరాలు ఆడాలి. బేరం కుదరని స్నేహితుల మధ్య ఆ రోజు మిగిలే చేదును కొత్తవారు ఆటకే అంటగడతారు. టికెట్ టు రైడ్‌లో చేయవలసినది రైలు మార్గాలను కలపడం. సికింద్రాబాదుకో విజయవాడకో రిజర్వేషను దొరక్క అవస్థ పడిన మనకు అందులోని ఆరాటాన్ని ఎవరూ వివరించనక్కరలేదు. 1911 నాటి భారతదేశం పటంతో కూడా ఒక బోర్డు 2011లో వచ్చింది, కానీ దానితో ఆడడానికి మూల ఆటలోని రైలు పెట్టెలు, కార్డులు కావాలి కాబట్టి ముందు దాన్నే కొనవద్దు.

ముందు రోజు ఒంటరిగా ఆడి నేర్చుకోండి

బల్ల చుట్టూ నలుగురు కూర్చున్నాక నియమాల పుస్తకం తెరవడం వారి సమయం మీద మనం చేసే దుబారా. ముందు రోజు రాత్రి బోర్డు పరిచి, ఇద్దరు ఆటగాళ్ళ పాత్రలను మీరే పోషిస్తూ మూడు రౌండ్లు ఆడండి. వీడియో చూడడం మంచిదే, అయితే వీడియో చూసినప్పుడు అర్థమైనట్టు అనిపించిన చోటే చేతితో పావు జరిపినప్పుడు సందేహం పుడుతుంది. ఆ సందేహాలను ఇంట్లోనే తీర్చుకోవడం ఈ ఒంటరి ఆట ప్రయోజనం.

తరువాత ఒక తెల్లకాగితం మీద నాలుగు విషయాలు మాత్రమే రాసుకోండి: ఆట ఎప్పుడు ముగుస్తుంది, పాయింట్లు ఎక్కడినుంచి వస్తాయి, ఎక్కడ పోతాయి, ఒక వంతులో ఏమేమి చేయవచ్చు. టికెట్ టు రైడ్‌కు ఆ కాగితం ఇలా ఉంటుంది. ఒక్కొక్కరికి 45 రైలు పెట్టెలు. ఎవరి దగ్గరైనా రెండో అంతకంటే తక్కువో మిగిలితే, వారితో సహా అందరికీ చివరిగా ఒక్కొక్క వంతు వస్తుంది. టికెట్లంటే కలపవలసిన రెండు ఊళ్ళ పేర్లున్న కార్డులు, పూర్తి చేయని టికెట్ల విలువ మొత్తం నుంచి తీసివేయాలి. అన్నింటికంటే పొడవైన ఎడతెగని మార్గానికి 10 పాయింట్లు. ఒక పెట్టె మార్గానికి 1 పాయింటే, ఆరు పెట్టెల మార్గానికి 15. ఈ చివరి వాక్యాన్ని ముందే చెప్పకపోతే కొత్తవారు పొట్టి మార్గాలు పేర్చుకుంటూ పోయి, చివర లెక్కలో తాము మోసపోయినట్టు బాధపడతారు.

ఆటలోని వస్తువులకు మీరు వాడబోయే తెలుగు మాటలను కూడా ఆ రాత్రే ఖాయం చేసుకోండి. కటాన్‌లోని ఐదు సరుకులను కట్టెలు, ఇటుకలు, ఉన్ని, గోధుమలు, ఖనిజం అని మొదట అని, పది నిమిషాల తరువాత వుడ్, బ్రిక్, షీప్ అంటే వినేవారు అవి వేరే వస్తువులేమోనని తడబడతారు. తెలుగు రాని స్నేహితుడు బల్ల దగ్గర ఉంటే ఇంగ్లీషు మాటలనే మొదటినుంచి చివరివరకు వాడండి. ఏ భాష అన్నది ముఖ్యం కాదు, ఒకే మాట నిలకడగా ఉండాలి.

బల్లను సిద్ధం చేయడం

స్నేహితులు వచ్చేలోపు బోర్డు పరిచి, పావులు పంచి ఉంచాలి. చిన్న చిన్న బిళ్ళలు ఎక్కువగా ఉండే ఆటలకు వంటింట్లోని పోపుల డబ్బాను మించిన అమరిక నాకు ఇంతవరకు దొరకలేదు. ఏడు గిన్నెలలో సరుకులను వేరుచేసి బల్ల మధ్యలో పెడితే అందరి చేతికీ అందుతాయి. ముందు బాగా కడిగి ఆరబెట్టండి, పసుపు అంటిన బిళ్ళలు మళ్ళీ తెల్లబడవు. పంఖా గాలికి కార్డులు ఎగరకుండా వేగం తగ్గించండి. దీపం సంగతి కూడా చూడాలి: కటాన్ మూల ఆటలో ఎరుపు, నారింజ రంగుల పావులు రెండూ ఉంటాయి, పసుపు వెలుతురు బల్బు కింద వాటిని గుర్తుపట్టడం కష్టం. మిరపకాయ బజ్జీలు, పకోడీలు ఆట ముగిశాకే. ఆట నడుమ చెంచాతో తినగలిగినవి పెట్టండి.

గెలుపుతో మొదలుపెట్టి నేర్పండి

మొత్తం పద్ధతిలో ఎక్కువ శ్రద్ధ కోరేది ఈ మెట్టే, ఎందుకంటే తొలి ఆట చెడిపోయిన సందర్భాలలో అధిక భాగం ఇక్కడే చెడినట్టు నేను చూశాను. నియమాల పుస్తకం సాధారణంగా పెట్టెలో ఏమేమి ఉన్నాయో లెక్కతో మొదలవుతుంది. మనిషి చెవి అలా వినదు. తాను ఎవరు, ఏం సాధించాలి అన్నది తెలిశాకే మిగతా వివరాలు తగిలించుకోవడానికి మనసులో ఒక కొక్కెం ఏర్పడుతుంది.

అగ్రికోలాను నేను ఇప్పుడు ఇలా మొదలుపెడతాను: "మనం నలుగురం రైతులం. ఇప్పుడు ఇంట్లో భార్యాభర్తలు ఇద్దరే ఉన్నారు, రెండు గదుల కొయ్య ఇల్లు ఉంది, మిగతా నేలంతా ఖాళీ. 14 రౌండ్లు అయ్యేసరికి ఎవరి పొలం, పశువులు, ఇల్లు, కుటుంబం నిండుగా ఉంటే వారు గెలుస్తారు. మధ్యలో 6 సార్లు కోతలు వస్తాయి, కోత వచ్చిన ప్రతిసారీ ఇంట్లోవాళ్ళకు తిండి పెట్టాలి. పెట్టలేకపోతే తక్కువైన ఒక్కొక్క బిళ్ళకు 3 పాయింట్లు పోతాయి." ఇంతవరకు చెప్పేసరికి, అనంతపురం జిల్లాలో వేరుశనగ పండించే ఇంటినుంచి వచ్చిన మా మిత్రుడు ముందుకు వంగి కూర్చున్నాడు. "అంటే కోతకు ముందు నెలే కష్టం, అంతే కదన్నా?" అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నతో ఆట సారాంశం అతనికి అందింది. మొదటిసారి గంట సేపు చదివిన పుస్తకం ఆ పని చేయలేకపోయింది.

గెలుపు, ముగింపు చెప్పిన తరువాత ఒక వంతులో ఏం చేయవచ్చో చెప్పండి, చెబుతూ పావును కదిపి చూపండి. ఆపైన మాత్రమే మినహాయింపులు. మినహాయింపులలో కూడా అన్నీ ముందే చెప్పనక్కరలేదు. అవసరం వచ్చినప్పుడు చెబుతానని మాట ఇచ్చి కొన్నింటిని వాయిదా వేయవచ్చు. అయితే వాయిదా వేయకూడనివి మూడు రకాలు: పాయింట్లు తీసేసే నియమం, ఆటను ముగించే నియమం, ఒకసారి చేస్తే వెనక్కు తీసుకోలేని నిర్ణయానికి సంబంధించిన నియమం. కటాన్‌లో పాచికల మొత్తం 7 పడితే, చేతిలో 7 కంటే ఎక్కువ కార్డులున్నవారు సగం పారేయాలి. అది పడిన తరువాత ఈ సంగతి చెబితే, కార్డులు కూడబెట్టిన మనిషికి కలిగే కోపం న్యాయమైనదే. రంగు పలకలతో గోడ నింపే అజుల్‌లో ఒక అడ్డ వరుస నిండిన రౌండుతో ఆట ముగుస్తుందని, పెట్టుకోవడానికి చోటులేని పలకలకు పాయింట్లు పోతాయని మొదటే చెప్పాలి.

కొన్ని నియమాలను తొలి ఆటకు పూర్తిగా పక్కన పెట్టడమే మేలు. పలకలు పేర్చి పటం తయారుచేసే కార్కసోన్‌లో, పొలాల్లో పడుకోబెట్టిన రైతు పావులకు ఆట చివర, ఆ పొలాన్ని ఆనుకుని పూర్తయిన ఒక్కొక్క పట్టణానికి 3 పాయింట్ల చొప్పున ఇచ్చే లెక్క ఉంది. ఏ పొలం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కొత్త కంటికి ఆనదు. తొలి ఆటలో రైతులను వదిలేసి, 72 పలకలతో పట్టణాలు, దారులు, మఠాలు మాత్రమే లెక్కపెట్టుకోండి. అగ్రికోలాలో వృత్తుల కార్డులు లేకుండా ఆడే సులభ పద్ధతి నియమాలలోనే ఉంది. కటాన్ నియమాల పుస్తకంలో కొత్తవారికోసం ముందే అమర్చిన పటం, ఊళ్ళ స్థానాలు ఇచ్చారు, వాటినే వాడండి. అక్కడ తొలి రెండు ఊళ్ళను ఎక్కడ కట్టాలన్నదే ఆటలోకెల్లా బరువైన నిర్ణయం, దాన్ని ఏమీ తెలియని మనిషి చేతిలో మొదటి నిమిషంలోనే పెట్టడం సరికాదు.

నేర్పడం 20 నిమిషాలు దాటకూడదు. ఆ తరువాత అందరూ కార్డులు బల్ల మీద వెల్లకిలా పెట్టి ఒక రౌండు ఆడండి, అది లెక్కలోకి రాదని ముందే చెప్పి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టండి.

ఆట సాగుతున్నప్పుడు మీరు ఎలా ఉండాలి

నేర్పినవారు సలహాలు ఇవ్వడం మానుకోవాలి. ఇది నేను అన్నింటికంటే కష్టంగా నేర్చుకున్న సంగతి. ఎవరైనా తప్పు ఎత్తు వేస్తున్నప్పుడు ఆపాలనిపిస్తుంది. ఆపితే ఆ మనిషి మీ ఆట ఆడినట్టవుతుంది, తన ఆట ఆడినట్టు కాదు. నియమం అడిగితే నియమం చెప్పండి. "ఇక్కడ ఏం చేయాలి?" అని అడిగితే, చేయగలిగినవి రెండు మూడు చూపించి ఊరుకోండి. మొదటి గంటలో ఎత్తును వెనక్కు తీసుకుంటామంటే ఒప్పుకోండి.

అందరూ కలిసి ఆడే పాండెమిక్ వంటి ఆటలకు ఈ జాగ్రత్త మరింత అవసరం. మ్యాట్ లీకాక్ రూపొందించిన ఆ ఆటలో ఒక్కొక్కరు వంతుకు 4 పనులు చేస్తూ, నాలుగు రోగాలకు మందు కనిపెట్టాలి, గెలిచినా ఓడినా అందరూ కలిసే. ఆట తెలిసిన ఒక్కరు అందరి తరఫునా నిర్ణయాలు తీసుకుంటే మిగతావారు పావులు జరిపే చేతులుగా మిగిలిపోతారు, ఆట బాగోలేదని ఇంటికి వెళతారు. అలాంటి ఆటలో నేర్పినవారు అడిగినప్పుడే మాట్లాడాలని ముందే ఒప్పందం చేసుకోండి.

ఆలోచించడానికి ఎక్కువ సమయం తీసుకునే స్నేహితుడు ప్రతి బృందంలోనూ ఉంటాడు. అతన్ని తొందరపెట్టవద్దు. అతని తరువాతి వంతు వారిని ముందుగానే ఆలోచించుకోమని చెబితే సగం ఎదురుచూపు తగ్గుతుంది. సగం ఆట గడిచాక ఒక నియమాన్ని తప్పుగా ఆడుతున్నట్టు బయటపడితే, వెంటనే అందరికీ చెప్పి, అక్కడినుంచి సరిగా ఆడి, ఆ సంగతిని కాగితం మీద రాసిపెట్టండి. తప్పు నియమంతో ఆడిన ఆట మీద ఇచ్చే తీర్పుకు విలువ తక్కువ.

ముగిసిన వెంటనే చీటీలు రాయించండి

పాయింట్లు లెక్కపెట్టగానే బల్ల మీద మాట్లాడడం మొదలవుతుంది, అందరికంటే గట్టిగా మాట్లాడేవారి అభిప్రాయమే రెండు నిమిషాలలో అందరి అభిప్రాయం అవుతుంది. మా మొదటి అగ్రికోలా రాత్రి అదే జరిగింది. అందుకే మాటలకు ముందు తలా ఒక చీటీ ఇచ్చి, మూడు ప్రశ్నలకు ఒక్కొక్క వాక్యంలో జవాబు రాయమనండి. ఏ నిమిషంలో మీకు ఆసక్తి కలిగింది? ఎక్కడ విసుగు పుట్టింది? మళ్ళీ ఆడితే మొదట ఏం మార్చి చేస్తారు? మార్కులు అడగకండి. పదికి ఆరు అన్న సంఖ్య వారం తరువాత ఏమీ చెప్పదు, "మూడో రౌండులో నా గొర్రెలకు దొడ్డి లేక వదిలేయాల్సి వచ్చింది" అన్న వాక్యం ఏడాది తరువాత కూడా చెబుతుంది.

చీటీలు మడిచాక మాట్లాడుకోండి, తక్కువ మాట్లాడే స్నేహితుణ్ణి ముందు అడగండి. మీ పుస్తకంలో తేదీ, ఎందరు ఆడారు, నేర్పడానికి పట్టిన సమయం, ఆటకు పట్టిన సమయం, పాయింట్లు, తప్పిన నియమాలు రాయండి. ఇది పది నిమిషాల పని, ఆ రాత్రే చేయాలి.

తొలి ఆట ఏ విషయాల్లో నిజం చెబుతుంది, ఏ విషయాల్లో చెప్పదు

ఎదురుచూపు ఎంత ఉందో తొలి ఆట సరిగానే చెబుతుంది. పావులు, బొమ్మలు, అక్షరాలు స్పష్టంగా ఉన్నాయా, నియమాల పుస్తకంలో వెతికినది దొరికిందా, ఆట చివర లెక్క అర్థమైందా అన్నవి కూడా. నేను అన్నింటికంటే నమ్మే గుర్తు వేరే ఉంది. మరునాడు ఆఫీసుకు వెళుతూ, టిన్ ఫ్యాక్టరీ స్టాపు దగ్గర బస్సు ఆగినప్పుడు, నిన్నటి ఎత్తు ఒకటి తలలో మళ్ళీ తిరిగి, అక్కడ అలా కాక ఇలా వేసి ఉంటే అనిపిస్తే ఆ ఆటలో సత్తా ఉంది. ఓడినవారికి కూడా అలా అనిపిస్తే ఇక సందేహించనక్కరలేదు.

ఇది కేవలం అదృష్టం మీద నడిచే ఆట అన్న తీర్పును మాత్రం తొలి రోజున అంగీకరించవద్దు. కటాన్‌నే తీసుకోండి. అందులో పాచికల మొత్తం ఏ సంఖ్య అయితే, ఆ సంఖ్య ఉన్న నేలను ఆనుకున్న ఊళ్ళకు సరుకు దొరుకుతుంది. రెండు పాచికలు పడే తీరులు 36. అందులో 7 రావడానికి 6 తీరులు, 6కు 5, 8కి 5, 2కు 12కు ఒక్కొక్కటే. ఒక ఆటలో పాచికలు 60 సార్లు పడ్డాయనుకుంటే 6 సగటున 8 సార్లు రావాలి, కానీ 5 సార్లే వచ్చినా, 12 సార్లు వచ్చినా అందులో వింత లేదు. 6 మీద ఊరు కట్టి ఆ రోజు ఓడిన స్నేహితుడు ఆటను పాచికలాటగా జమకడతాడు. అతని ఊళ్ళు ఎన్ని వేర్వేరు సంఖ్యలను తాకుతున్నాయో, లేని సరుకును రేవు ద్వారా మార్చుకునే దారి పెట్టుకున్నాడో లేదో చూడకుండా అతని మాటతో ఏకీభవించవద్దు. మొదట ఆడినవారికే లాభమని, ఒక్క పద్ధతి పట్టుకుంటే గెలుపు ఖాయమని ఒకే ఆట చూసి చెప్పడం కూడా ఇలాంటిదే. మేకలు గెలవలేవన్న పిల్లవాడి మాట గుర్తుకు తెచ్చుకోండి.

కొన్ని ఆటలు తొలిసారి ఖాళీగా అనిపించడానికి ఇంకొక కారణం ఉంది. వింగ్‌స్పాన్‌లో నాలుగు రౌండ్లు, ఒక్కొక్కరికి వాటిలో వరుసగా 8, 7, 6, 5 వంతులు, మొత్తం 26. పక్షుల కార్డులు ఒకదాని శక్తిని మరొకటి పెంచుతూ పోయే ఏర్పాటు మూడో రౌండుకు గానీ కొత్తవారికి కనబడదు. అప్పటికి మిగిలే వంతులు పదకొండే. ఆట ఇప్పుడిప్పుడే మొదలైనట్టుండగానే ముగిసిందని వారు రాసిన చీటీని ఫిర్యాదుగా చదవకండి, మళ్ళీ ఆడాలన్న కోరికగా చదవండి.

మూడు వారాలలోపు రెండో ఆట

రెండో ఆటను మూడు వారాలు దాటనివ్వకండి. దాటితే నియమాలు మరిచిపోయి, మళ్ళీ తొలి ఆటే అవుతుంది. వీలైతే అదే మనుషులతో, లేదా ఒక్క కొత్త మనిషిని మాత్రమే చేర్చి ఆడండి. ఈసారి నేర్పే పనిని మొదటిసారి ఓడిన స్నేహితుడికి అప్పగించండి. తాను ఎక్కడ తడబడ్డాడో అతనికి గుర్తుంటుంది కాబట్టి అక్కడే నిదానంగా చెబుతాడు, మీరు నేర్పిన దానికంటే అది తరచుగా మెరుగ్గా ఉంటుంది. పక్కన పెట్టిన నియమాలను ఇప్పుడు చేర్చుకోవచ్చు: కార్కసోన్ రైతులు, అగ్రికోలా వృత్తుల కార్డులు, కటాన్‌లో ఎవరికివారు ఎంచుకునే ఊళ్ళ స్థానాలు.

మొదటి చీటీలను పెట్టె మూత లోపలి వైపు ఒక కవరులో ఉంచండి. రెండో ఆట తరువాత కొత్త చీటీలు రాసి, అప్పుడు పాతవి తెరిచి పక్కపక్కన చదవండి. విసుగు పుట్టిన చోటు రెండుసార్లూ ఒకటే అయితే అది ఆటలోని లోపమే. ఆ ఆటను మొహమాటం లేకుండా, దాన్ని ఇష్టపడే మరో బృందానికి ఇచ్చేయండి. విసుగు చోటు మారితే మాత్రం పెట్టెను బీరువా పైకి పంపకుండా బల్లకు దగ్గరలోనే ఉంచి, మూడో ఆటకు తేదీ ఆ రాత్రే అనుకోండి.